రెండు నెలలకే సిలిండర్ ఖాళీ: మొక్కల తొట్టెలో గ్యాస్ ఎటు పోతోంది?

మీరు చెప్పిన వివరాలను ఒకచోట పెట్టుకుని మొదలుపెడతాను. మీది 120 లీటర్ల మొక్కల అక్వేరియం. మొక్కల పెరుగుదలకు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, గ్యాస్‌ను సన్నని బుడగలుగా నీటిలోకి వదిలే గాజు డిఫ్యూజర్, సెకనుకు మూడు బుడగలు. లైటు వెలిగినప్పుడే గ్యాస్ మొదలై, పది గంటల తరువాత లైటుతో పాటే ఆగుతుంది. సిలిండర్ రెండు నెలలు కూడా రావడం లేదు. మధ్యాహ్నం డ్రాప్ చెకర్ (నీటిలో గ్యాస్ తక్కువైతే నీలం, ఎక్కువైతే పసుపు రంగు చూపే చిన్న గాజు పరికరం) ఇంకా నీలంగా కనిపిస్తుంది, సాయంత్రానికి పసుపు రంగుకు తిరిగి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆకుల అంచులకు నల్లటి కుచ్చు నాచు పట్టింది. నీటి పైభాగాన్ని కదలనివ్వకుండా గాజు మూత పెడితే గ్యాస్ మిగులుతుందని ఎవరో సలహా ఇచ్చారు, పాటించవచ్చా అని అడిగారు.

ముందు ఆ చివరి మాటకు జవాబు చెబుతాను: పాటించవద్దు. పైభాగం నుంచి పోయే గ్యాస్ నిజంగానే నష్టం, కానీ మీకున్న నష్టాలలో ఉపయోగపడే నష్టం అదొక్కటే. దాన్ని ఉండనిచ్చి మిగిలిన వాటిని ఆపితే సిలిండర్ ఇప్పటికి రెట్టింపు కాలం వస్తుంది, చేపలకూ ఊపిరి ఆడుతుంది. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే గ్రాముల్లో లెక్క వేయాలి. ఈ అభిరుచిలో ఉన్న మనమందరం బుడగలు లెక్కపెడతాం గానీ గ్రాములు లెక్కపెట్టం. వృథా దొరకకపోవడానికి సగం కారణం అదే.

రెండు కిలోలు అరవై రోజుల్లో అయిపోతే రోజుకు 33 గ్రాములు ఖర్చవుతున్నట్టు. అడుగు మట్టి, రాళ్లు పోగా మీ తొట్టెలో ఉండే నీరు సుమారు 100 లీటర్లు. మనం కోరుకునే సాంద్రత లీటరుకు 30 మిల్లీగ్రాములు కాబట్టి, తొట్టె మొత్తాన్ని ఆ స్థాయికి తేవడానికి నీటిలో కరిగి ఉండవలసింది 3 గ్రాములు మాత్రమే. ఇక మొక్కలు తినేది ఎంత? దీన్ని మీరే తూచి చూడవచ్చు. వారానికోసారి కత్తిరించి తీసిన కొమ్మలను గుప్పిట్లో పిండి, నీరు కారడం ఆగాక వంటింటి త్రాసు మీద పెట్టండి. ఈ పరిమాణంలో బాగా పెరుగుతున్న తొట్టె నుంచి 100 గ్రాములు వచ్చాయనుకుందాం. అందులో తొంభై శాతం నీరే, ఎండితే మిగిలేది 10 గ్రాములు. మొక్క ఎండు బరువులో నలభై శాతానికి కొంచెం పైన కార్బన్ ఉంటుంది కనుక, ఒక గ్రాము ఎండు పదార్థం తయారు కావడానికి దాదాపు ఒకటిన్నర గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలి. అంటే వారానికి 15 గ్రాములు, రోజుకు 2 గ్రాములు. మీరు పంపుతున్న 33 గ్రాములలో మొక్కల నోటికి చేరుతున్నది ఆ రెండే. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నేను త్రాసు పాడైందేమోనని అనుమానపడ్డాను.

మూడో ఖర్చు పైభాగం నుంచి గాలిలోకి తప్పించుకునేది. బయటి గాలితో సమతుల్యంలో ఉన్న నీటిలో 25 డిగ్రీల వద్ద లీటరుకు 0.6 మిల్లీగ్రాముల గ్యాస్ మాత్రమే నిలుస్తుంది. మనం దానికి యాభై రెట్లు నింపుతున్నాం కాబట్టి అది నిరంతరం బయటపడాలనే చూస్తుంది. ఎంత వేగంగా బయటపడుతుందో తెలుసుకోవడానికి, నీటి ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ పెన్ ఒక్కటి చాలు. సాయంత్రం గ్యాస్, లైటు రెండూ ఆగిన క్షణంలో పీహెచ్ చూసి రాసుకోండి, అది 0.3 పెరగడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. పీహెచ్ 0.3 పెరిగిందంటే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ సగానికి పడిపోయిందన్న మాట. ఈ వ్యవధిని నేను తొట్టె సగకాలం అని పిలుచుకుంటాను. పైభాగం చక్కగా అలలు పోతున్న తొట్టెలో ఇది గంటన్నర, రెండు గంటలు ఉంటుంది. అద్దంలా నిలిచిన నీటిలో ఐదారు గంటలకు పోతుంది.

సగకాలం రెండు గంటలైతే, 3 గ్రాములను నీటిలో నిలబెట్టడానికి గంటకు సుమారు ఒక గ్రాము పోస్తూ ఉండాలి. గంటన్నర అయితే గంటకు 1.4 గ్రాములు. ఐదు గంటలైతే అర గ్రాము కూడా అక్కర్లేదు. మీ లక్షణాలను బట్టి మీ తొట్టె సగకాలం ఐదు గంటలకు దగ్గరగా ఉందని నా అంచనా, కారణం కింద చెబుతాను. ఇప్పుడు కూడిక చూడండి: ఉదయం నింపడానికి 3, పది గంటల పాటు పైనుంచి పోయేది 4, మొక్కలకు 2, మొత్తం 9 గ్రాములు. మీరు ఖర్చు చేస్తున్నది 33. మిగిలిన 24 గ్రాములు నీటి పైభాగం నుంచి పోవడం లేదు. అసలు నీటిలోకే రావడం లేదు, లేదా వచ్చినా కరగడం లేదు. ఉన్న నాలుగు గ్రాముల దారికి మూత బిగించి, ఇరవై నాలుగు గ్రాముల దారిని తెరిచి ఉంచమనడమే ఆ సలహా.

వెతకవలసిన మొదటి చోటు సిలిండర్‌కూ డిఫ్యూజర్‌కూ మధ్య ఉన్న దారి. రాత్రి సోలెనాయిడ్ (టైమర్‌తో గ్యాస్‌ను తెరిచి మూసే విద్యుత్ వాల్వ్) ఆగిన తరువాత సిలిండర్ వాల్వ్‌ను పూర్తిగా మూసి, అధిక పీడనం చూపే మీటర్ ముల్లు ఎక్కడ ఉందో ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. వాల్వ్‌కూ సోలెనాయిడ్‌కూ మధ్య చిక్కుకున్న గ్యాస్ చాలా తక్కువ కాబట్టి, చిన్న లీకు ఉన్నా తెల్లారేసరికి ముల్లు బాగా దిగిపోతుంది. గది చల్లబడినందుకు కాస్త దిగడం సహజం, దానికి కంగారు పడవద్దు. ముల్లు సగానికో సున్నాకో పడితే నూటికి తొంభై సార్లు దోషం సిలిండర్‌నూ, పీడనాన్ని తగ్గించే రెగ్యులేటర్‌నూ కలిపే చోట ఉన్న వాషర్‌దే. నైలాన్ వాషర్ ఒకసారి నొక్కుకుపోయాక మళ్లీ సరిగా కూర్చోదు. ప్రతిసారి సిలిండర్ నింపించినప్పుడు కొత్తది వేయాలి. అది కారుతుంటే స్పానర్‌తో ఇంకా బిగించడం కంటే విప్పి మార్చడం మేలు.

ఉదయం గ్యాస్ వదిలాక, పాత్రలు తోమే ద్రవం నాలుగు చుక్కలు నీటిలో కలిపి చిన్న కుంచెతో ప్రతి జాయింటుకూ రాయండి. బుడగలు లెక్కపెట్టే బబుల్ కౌంటర్ మూత కింద ఉండే రబ్బరు రింగు, నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ రెండు చివరలు, గొట్టం తొడిగిన ప్రతి చోటు చూడాలి. పెద్ద లీకు వెంటనే నురగ కడుతుంది, చిన్నది ఆవగింజంత తెల్లటి చుక్కగా మొదలై నిమిషం తరువాత గానీ కంటికి ఆనదు. కాబట్టి రాసి వెంటనే తుడిచేయకుండా ఐదు నిమిషాలు ఆగి చూడండి.

సబ్బు పట్టని లీకు ఒకటి ఉంది, అది గొట్టంలోనే ఉంటుంది. గాలి పంపుకు వాడే మెత్తటి సిలికాన్ గొట్టం గుండా కార్బన్ డయాక్సైడ్ సులువుగా బయటికి చొచ్చుకుపోతుంది. గొట్టానికి రంధ్రం ఉండదు, బుడగ రాదు, దాని గోడ పొడవునా గ్యాస్ పోతూనే ఉంటుంది. సిలిండర్ దూరంగా పెట్టి మూడు మీటర్ల సిలికాన్ గొట్టం వేసినవారిని నేను చూశాను. గట్టిగా, కాస్త బిరుసుగా ఉండే పాలీయురేథేన్ గొట్టం వేయండి, పొడవు అవసరమైనంతకే కత్తిరించండి.

ఇప్పుడు మీ మూడు బుడగల గురించి. సెకనుకు మూడు చొప్పున పది గంటలకు 1,08,000 బుడగలు. ఒక్కో బుడగ 0.05 మిల్లీలీటర్లు అనుకుంటే 5.4 లీటర్ల గ్యాస్. 25 డిగ్రీల వద్ద లీటరు గ్యాస్ బరువు 1.8 గ్రాములు కాబట్టి సుమారు 10 గ్రాములు. ఖర్చు 33 అయినప్పుడు 23 గ్రాములు బబుల్ కౌంటర్‌కు ముందే కారిపోతున్నాయని తీర్మానించాలనిపిస్తుంది. అలా తీర్మానించే ఒకప్పుడు నేను మూడు వారాలు లేని లీకు కోసం వెతికాను. వాషర్లు మార్చాను, దారం చుట్టాను, చివరకు రెగ్యులేటర్ మొత్తం విప్పాను. నేను మరిచిపోయిన సంగతి ఏమిటంటే, అప్పుడు నా దగ్గర ఉన్నది రెండు బార్ల పీడనం కోరే ఇన్‌లైన్ అటమైజర్, అంటే ఫిల్టర్ గొట్టంలోనే అమర్చి గ్యాస్‌ను పొగలాంటి బుడగలుగా చిమ్మే పరికరం. దానికి ముందున్న బబుల్ కౌంటర్ లోపల గ్యాస్ మామూలు గాలి పీడనానికి మూడు రెట్ల పీడనంలో ఉంటుంది కాబట్టి, అదే పరిమాణంలో కనిపించే బుడగలో మూడు రెట్ల గ్యాస్ ఇమిడి ఉంటుంది. బుడగ పరిమాణం కూడా కౌంటర్ లోపలి ముక్కు వెడల్పును బట్టి మారుతుంది. అందువల్ల మరొకరి తొట్టెలో సెకనుకు ఎన్ని బుడగలు అన్న ప్రశ్నకు మీ తొట్టెకు పనికివచ్చే జవాబు ఉండదు. నిన్న ఎలా ఉందో ఇవాళ అలాగే ఉందా అని చూసుకోవడానికి మాత్రమే బుడగల లెక్క పనికొస్తుంది.

నమ్మదగినది తూకం ఒక్కటే. గ్రాముల్లో చూపే త్రాసు మీద, గొట్టం విడదీసి, సిలిండర్‌ను రెగ్యులేటర్‌తో సహా వారానికి ఒకసారి తూచి రాసుకోండి. మీటర్ ముల్లును చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. సిలిండర్‌లో ద్రవం ఉన్నంత కాలం పీడనం ఉష్ణోగ్రతను మాత్రమే చెబుతుంది: 20 డిగ్రీల వద్ద 57 బార్లు, 25 వద్ద 64 బార్లు. నిండుగా ఉన్నా, సగం ఉన్నా అంతే. ద్రవం పూర్తిగా ఆవిరయ్యాకే ముల్లు దిగడం మొదలవుతుంది, అయితే ఆ క్షణాన సిలిండర్‌లో వాయురూపంలో ఇంకా దాదాపు నాలుగో వంతు గ్యాస్ ఉంటుంది. ముల్లు కదలగానే నింపించడానికి పంపుతున్నట్లయితే మీరు ప్రతిసారీ దాదాపు అర కిలో తిరిగి ఇచ్చేస్తున్నారు. మీ రెండు నెలల లెక్కలో కొంత భాగం ఇదే కావచ్చు, ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ చివరి వంతును వాడుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఒకే దశ ఉన్న రెగ్యులేటర్లలో సిలిండర్ పీడనం పడిపోయే కొద్దీ బయటికి ఇచ్చే పీడనం పెరుగుతుంది, బుడగలు తమంతట తామే వేగం పుంజుకుంటాయి. చేపలు రాత్రికి రాత్రే పోయాయని వినిపించే కథలలో కొన్నిటికి మూలం ఇక్కడే ఉంది. రెండు దశల రెగ్యులేటర్ అయితే ఈ భయం లేదు. లేకపోతే ఆ రోజుల్లో ఉదయం సాయంత్రం బుడగలు చూస్తూ, వాటి వేగాన్ని మార్చే నీడిల్ వాల్వ్‌ను సవరించుకోవాలి.

లీకు లేదని తేలితే మిగిలింది కరగని గ్యాస్. గది లైటు ఆర్పి, ఫోను టార్చిని తొట్టె పక్క అద్దానికి ఆనించి వేసి చూడండి. డిఫ్యూజర్ నుంచి లేచిన బుడగలు పొగలా అడ్డంగా పరుచుకుని మొక్కల మధ్య మాయమవుతున్నాయా, లేక పూసల దండలా నిలువుగా పైకి పోయి పగులుతున్నాయా అన్నది స్పష్టంగా కనబడుతుంది. నిలువు దండ కనిపిస్తే డబ్బు గాలిలో కలుస్తున్నట్టే. గాజు డిఫ్యూజర్ పింగాణీ బిళ్ల మీద నాచు పట్టిందంటే రంధ్రాలు మూసుకుపోయి, తెరిచి ఉన్న కొన్నిటి నుంచి పెద్ద బుడగలు వస్తాయి. పెద్ద బుడగకు పరిమాణంతో పోలిస్తే ఉపరితలం తక్కువ, పైకి పోయే వేగం ఎక్కువ; రెండు విధాలా కరగదు. బిళ్లను నీరు కలిపిన బ్లీచ్‌లో కొన్ని గంటలు నానబెట్టి, బాగా కడిగి, క్లోరిన్ తొలగించే మందు కలిపిన నీటిలో మరికొంతసేపు ఉంచి, ఆరనిచ్చి పెట్టండి. వేలితోనో బ్రష్‌తోనో రుద్దితే రంధ్రాలలోకి మురికి ఇంకా దిగుతుంది.

డిఫ్యూజర్ స్థానం కూడా ముఖ్యం. వీలైనంత లోతున, ఫిల్టర్ నుంచి వచ్చే ప్రవాహం బుడగలను కిందికి, పక్కకు నెట్టుకుపోయే చోట ఉండాలి. నా అభిప్రాయం అడిగితే, తొట్టె బయట ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ ఉన్నవారికి అన్నిటికంటే మేలైనది రియాక్టర్. ఫిల్టర్ నుంచి బయటికి వచ్చే గొట్టం మధ్యలో నిలువుగా అమర్చే పాత్ర అది. దానిలో నీరు పైనుంచి కిందికి దిగుతుంటే బుడగలు పైకి ఎగబాకాలని చూస్తూ, ఆ పెనుగులాటలో కరిగిపోతాయి. తొట్టెలోకి బుడగ అనేది రాదు, ఇచ్చిన గ్యాస్ దాదాపు మొత్తం నీటిలోనే ఉంటుంది. దానివల్ల ఫిల్టర్ ప్రవాహం కొంత తగ్గుతుంది, ఆ నష్టాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి. రియాక్టర్ పైభాగంలో నెమ్మదిగా గాలి పేరుకుంటే కార్బన్ డయాక్సైడ్ కరగడం లేదని అనుకోవద్దు: బుడగలోని గ్యాస్ నీటిలోకి పోతుంటే నీటిలో కరిగి ఉన్న నత్రజని, ఆక్సిజన్ బుడగలోకి వస్తాయి, మిగిలేది అదే. అప్పుడప్పుడు దాన్ని వదిలేస్తే సరిపోతుంది.

ఇక మధ్యాహ్నం నీలం, సాయంత్రం పసుపు అన్న చిక్కుముడి. సగకాలం ఐదు గంటలు ఉన్న తొట్టెలో గ్యాస్ మొదలుపెడితే, అది చేరుకోవలసిన స్థాయిలో సగానికి రావడానికే ఐదు గంటలు పడుతుంది, ముప్పావుకు పది గంటలు పడుతుంది. అంటే లైటు వెలిగి ఉన్నంతసేపూ గ్యాస్ పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా నిలవదు. మధ్యాహ్నం చాలడం లేదని మీరు వాల్వ్ కొద్దిగా తిప్పారు, ఆ తిప్పినదాని ఫలితం సాయంత్రం చేపల మీద పడింది. దీనికి తోడు డ్రాప్ చెకర్ రంగు ఎప్పుడూ గతాన్నే చెబుతుంది, ఎందుకంటే గ్యాస్ నీటిలోంచి లోపలి గాలి ఖాళీని దాటి ద్రావణంలో కరగడానికి రెండు గంటల వరకు పడుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు మీరు చూసిన నీలం పదింటి నాటి నీలం.

అదే తొట్టెలో ఫిల్టర్ మూతిని కొంచెం పైకెత్తి, పైభాగమంతా చిన్న అలలు పరుచుకునేలా, నీరు చప్పుడుతో పడకుండా అమర్చితే సగకాలం గంటన్నరకు దిగుతుంది. అప్పుడు మూడు గంటల్లో ముప్పావు వంతు స్థాయి, నాలుగున్నర గంటల్లో తొంభై శాతానికి దగ్గరగా వచ్చి అక్కడ నిలుస్తుంది. ఇక వాల్వ్‌ను ఎంత తిప్పితే ఏ స్థాయిలో నిలుస్తుందో ఒకే రోజులో తెలుస్తుంది, సాయంత్రం పొంగిపోదు. గంటకు గ్రాము చొప్పున అదనంగా పోతుంది, నిజమే. ఆ గ్రాము ఖర్చుకు మీరు కొనుక్కునేది రెండు: నిలకడ, ఆక్సిజన్. నీటిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఒకదాని చోటును మరొకటి ఆక్రమించవు, రెండూ ఏకకాలంలో ఎక్కువగా ఉండగలవు. కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు చేప రక్తం ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. అందుకే నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న తొట్టెలో 30 మిల్లీగ్రాములను తట్టుకున్న చేపలు, నిలవ నీటిలో అంతకంటే తక్కువకే పైకి వచ్చి రొప్పుతాయి.

కొత్త అమరికతో లెక్క మళ్లీ వేద్దాం. లైటును ఏడు గంటలకు తగ్గించండి. లైటుకు రెండు గంటల ముందు గ్యాస్ మొదలుపెట్టి, లైటు ఆరడానికి గంట ముందు ఆపండి, అంటే గ్యాస్ ఎనిమిది గంటలు. నింపడానికి 3, పైనుంచి పోయేది సుమారు 11, మొక్కలకు 2, మొత్తం 16 గ్రాములు. రెండు కిలోలకు 125 రోజులు, నాలుగు నెలల పైమాట. పైభాగాన్ని బాగా కదిలించి కూడా ఇప్పటికి రెట్టింపు కాలం వస్తోంది. చివరి గంట గ్యాస్ ఆపినా మొక్కలకు లోటు రాదు. సాయంత్రానికి చాలా మొక్కలు ఆనాటి పని ముగించుకుని ఆకులు ముడుచుకోవడం మొదలుపెడతాయి. కాడ మొక్కల చివర్లు మూసుకోవడం మీరు చూసే ఉంటారు. రాత్రి పూట గ్యాస్ ఇవ్వడం మాత్రం అక్షరాలా వృథా. వెలుతురు లేనిదే కిరణజన్య సంయోగక్రియ లేదు, పైగా మొక్కలు కూడా ఆ వేళ శ్వాసిస్తూ ఆక్సిజన్‌నే వాడుకుంటాయి.

సర్దుబాటు చేసే రోజున ఇంటి దగ్గర ఉండే వీలు చూసుకుని, గ్యాస్ మొదలైనప్పటి నుంచి ఆగేదాకా అరగంటకోసారి పీహెచ్ రాయండి. ఆ అంకెల వరుసకు మించిన సాధనం లేదు. కార్బొనేట్ కాఠిన్యం, అంటే కేహెచ్, 4 డిగ్రీలు ఉన్న నీటిలో పీహెచ్ 6.6 అయితే కార్బన్ డయాక్సైడ్ 30 మిల్లీగ్రాములని పట్టిక చెబుతుంది. కానీ మొద్దుల నుంచి, సారవంతమైన అడుగు మట్టి నుంచి వచ్చే ఇతర ఆమ్లాలు కూడా పీహెచ్‌ను దించుతాయి కాబట్టి ఆ పట్టిక ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. డ్రాప్ చెకర్‌లో తొట్టె నీరు కాకుండా 4 డిగ్రీల ప్రామాణిక ద్రావణం పోయాలనేది కూడా ఇందుకే. పీహెచ్ ఒక పాయింటు దిగితే 30 అయినట్టేనన్న సూత్రం మీరు వినే ఉంటారు. పాయింటు దిగితే పది రెట్లు పెరిగిందన్నది నిజం, కానీ దేనికి పది రెట్లు? ఆ సూత్రం మొదట 3 మిల్లీగ్రాములు ఉందని ఊహిస్తుంది. గ్లాసులో తీసి గాలి రాయితో ఒక రోజు కలబెట్టిన నీటిలో అంత ఉండదు, ఒకటి దరిదాపుల్లోనే ఉంటుంది. అలాంటి నీటితో పోల్చినప్పుడు 1.3 లేదా 1.4 దిగుడు కూడా సమంజసమే. ఏ అంకెనూ లక్ష్యంగా పట్టుకుని ఒక్క రోజులో చేరుకోవద్దు. రెండు మూడు రోజులకోసారి 0.1 చొప్పున దించుతూ, ప్రతిసారీ సాయంత్రం చేపల మొప్పల కదలికను చూడండి. చేపలు ఒప్పుకోకపోతే పట్టిక ఏం చెప్పినా అక్కడే ఆగాలి.

లైటు తగ్గించమన్నది బిల్లు కోసం చెప్పిన మాట కాదు. మొక్క ఎంత కార్బన్ అడగాలో నిర్ణయించేది వెలుతురే. ఎక్కువ వెలుతురు వేసి, దాని ఆకలి తీర్చడానికి గ్యాస్ పెంచి, చేపలు తట్టుకోలేక తగ్గించి, నాచుతో పోరాడే చక్రంలో చాలా మంది తిరుగుతుంటారు. అడుగున తివాచీలా పరిచే మొక్కలు, ఎర్రటి కాడ మొక్కలు లేని తొట్టెకు 15 నుంచి 20 మిల్లీగ్రాములే ధారాళం. అనుబియాస్, జావా ఫెర్న్ మాత్రమే ఉంటే గ్యాస్ అవసరమే లేదు. వల్లిస్నేరియా లాంటివి నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు.

నల్ల కుచ్చు నాచు విషయానికి వస్తే, నా అనుభవంలో అది గ్యాస్ తక్కువైనందుకంటే రోజూ ఎగుడుదిగుడుగా ఉన్నందుకు, నీరు సరిగా తిరగనందుకు ఎక్కువగా వస్తుంది. నీటిలో వాయువుల వ్యాపనం గాలిలో కంటే సుమారు పది వేల రెట్లు నిదానం. ఆకు చుట్టూ నిలిచిన పలుచటి నీటి పొరలో గ్యాస్ అయిపోతే, బెత్తెడు దూరంలో 30 మిల్లీగ్రాములున్నా ఆకుకు అందదు. ప్రతి మూలా ఆకులు కాస్త ఊగుతున్నాయా అని చూడండి. ఊగని చోట గుబురును పలుచన చేయండి, లేదా ఫిల్టర్ మూతిని తిప్పండి. గ్యాస్ పెంచడానికి ముందు ఇది చేస్తే పెంచవలసిన అవసరమే రాకపోవచ్చు. ఇప్పటికే నాచు పట్టిన ఆకులు తిరిగి బాగుపడవు, వాటిని కత్తిరించేయండి. కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయా లేదా అన్నదే మూడు నాలుగు వారాల తరువాత మీరు చూసుకోవలసింది.

లీకు వెతుకుతున్నారు కాబట్టి ఒక హెచ్చరిక కూడా చేయాలి. రెండు కిలోల గ్యాస్ అంటే దాదాపు 1,100 లీటర్లు. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో అదంతా ఒక్కసారిగా విడుదలైతే గాలిలో నాలుగు శాతానికి చేరుతుంది, మనిషికి అది ప్రమాదకరమైన స్థాయి. గాలి కంటే బరువైనది కనుక నేల దగ్గర ముందు పేరుకుంటుంది. తలుపులు మూసి పడుకునే గదిలో సిలిండర్ పెట్టవద్దు. దాన్ని నిలువుగా, పడిపోకుండా గోడకో బల్ల కాలుకో కట్టి ఉంచండి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వచ్చి దాన్ని పాడుచేస్తుంది. ఎండ తగిలే చోట, నిలిపిన కారులో వదలవద్దు. వాల్వ్ తెరిచేటప్పుడు ముందు రెగ్యులేటర్ పీడనం మరను పూర్తిగా వెనక్కి తిప్పి, ఆ తరువాత సిలిండర్‌ను నెమ్మదిగా తెరవండి.

పనుల వరుస అడిగితే: ఇవాళ రాత్రి వాల్వ్ మూసి ముల్లు ఫోటో తీయండి, రేపు సబ్బు నీరు, గొట్టం. ఆ రెండూ తేలేదాకా నీడిల్ వాల్వ్‌ను ముట్టుకోవద్దు. చేపలు రొప్పుతున్నాయి కాబట్టి, టైమర్‌ను మాత్రం ఈ సాయంత్రమే మార్చి గ్యాస్‌ను రెండు గంటలు ముందుగా ఆపండి, ఫిల్టర్ మూతిని పైకెత్తండి. వారం తరువాత సిలిండర్ తూకం, ఒక రోజు పీహెచ్ అంకెలు, కొలిచిన సగకాలం చెప్పండి. ఆ మూడూ ఉంటే వాల్వ్‌ను ఎటు, ఎంత తిప్పాలో ఊహించకుండా చెప్పగలను.